దాణాకు బిల్లు లేని రోజులు

మొన్న పొద్దున ఇంటి ముందు ఆటో ఆగింది. రెండు దాణా బస్తాలు దింపి, డ్రైవరు బిల్లు నా చేతిలో పెట్టి పోయాడు. మూడు వేలు దాటింది. నాకు డెబ్బై ఆరేళ్లు. కరెంటుకు బిల్లు, ఫోనుకు బిల్లు, ఆఖరికి తాగే నీళ్లకూ బిల్లు చూశాను గానీ, కొట్టంలో బర్రె నమిలేదానికి బిల్లు రావడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

మనవడు బస్తా మీది అక్షరాలు చదివాడు. "ప్రోటీన్ ఇరవై శాతమట, తాతా."

"ఎక్కడి ప్రోటీన్‌రా అది? ఏ చేన్ల పండింది?"

వాడు బస్తాను అటూ ఇటూ తిప్పి చూశాడు. బ్యాచి నంబరు ఉంది, తయారైన తేదీ ఉంది, నవ్వుతున్న బర్రె బొమ్మ కూడా ఉంది. చేను ఊసు లేదు.

"మా రోజుల్లో..." అన్నాను. ఆ మాట నా నోటెంట రాగానే మా ఇంట్లో అందరికీ పనులు గుర్తొస్తాయి. కోడలికి పొయ్యి మీది పాలు, కొడుక్కి జహీరాబాద్‌లో ఎవరో ఎదురుచూస్తున్న సంగతి, మనవడికి హోంవర్కు. అందుకే ఇవాళ కాగితం ముందేసుకున్నాను. కాగితం లేచిపోదు.

మాది ఝరాసంగం దిక్కు ఊరు. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా అంటున్నారు గానీ నా నోటికి ఇంకా మెదక్ జిల్లానే వస్తుంది. ఎర్రదుబ్బ నేల. పైన జానెడు మన్ను, కింద మొరం. బావి నీళ్లు కలిగినవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో. ఆ నేలలో మా నాయిన ఒక్క పంట వేయగా నేనెప్పుడూ చూడలేదు. మృగశిర కార్తెలో పచ్చజొన్న వేస్తే, కొన్ని సాళ్లకొకటి కంది సాలు పడాల్సిందే. జొన్న సాళ్ల నడుమ పెసర, మినుము; అక్కడక్కడ అనుము, బొబ్బెర; గట్టు పొంటి పుంటికూర. యాసంగిలో నల్లమన్ను తునకలో శనగ, అవిసె, చుట్టూ కంచె లెక్కన కుసుమ. కుసుమ ముళ్లకు జడిసి గొడ్డు లోపలికి మూతి పెట్టదు. నీళ్లు పెట్టకుండా, ఎరువు వేయకుండా, మంచుకే పండే ఆ యాసంగి పంటలను మా దిక్కు ఆడవాళ్లు సత్యం పంటలంటారు. ఇంతకంటే మంచి పేరు ఏ వ్యవసాయ శాఖా పెట్టలేదు.

చూసేవాడికి అది కలగాపులగం. మా నాయినకు మాత్రం అది గొడ్ల పంచాంగం. భాద్రపదానికి పెసర కోసేవాళ్లు, పెసర పొట్టు వచ్చేది. దీపావళి ముందూ వెనకా జొన్న కోస్తే చొప్ప. ఆ తర్వాత అనుము, బొబ్బెర తీగలు పీకితే పచ్చిమేత. సంక్రాంతి దాటినాక కంది కొడితే ఆకు, కాయ పొట్టు కలిసి గుట్ట. శనగ పొట్టు శివరాత్రి తర్వాత. చొప్ప ఏడాదంతా ఉండేది. దాని పక్కన నంజుకోవడానికి ఏదో ఒక పప్పు పొట్టు నెలనెలా మారుతూ వచ్చేది. మనం రొట్టెతో పప్పు తిన్నట్టే గొడ్డు కూడా తినేది.

ఇది ఆయన చాదస్తం అనుకునేవాణ్ని. తర్వాత ముప్ఫై నాలుగేళ్లు బళ్లో సైన్సు చెప్పాను కాబట్టి సంగతి తెలిసింది. బర్రె కడుపులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి. చొప్పను అరిగించేది అవే. వాటి బతుకు మాంసకృత్తుల మీద ఆధారపడి ఉంటుంది. తినే మేతలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్ల కంటే తగ్గితే అవి చేతులెత్తేస్తాయి. అప్పుడు ఎంత చొప్ప వేసినా అది కడుపులో అట్లాగే కూర్చుంటుంది. వట్టి జొన్న చొప్పలో ఉండేది నాలుగైదు పాళ్లు. కంది, పెసర పొట్టులో దానికి రెట్టింపు. అంటే పొట్టు తన బలం తాను ఇవ్వడమే కాదు, చొప్పలోని బలాన్ని కూడా బయటికి తీస్తుంది. రోజూ సాయంత్రం మా నాయిన గంపెడు చొప్ప మీద రెండు దోసిళ్ల కంది పొట్టు చల్లేవాడు. ఆ రెండు దోసిళ్ల లెక్క ఆయనకెవరు చెప్పారో!

ఆయన చొప్ప కొనేటప్పుడు చూడాలి. కట్టలోంచి ఒక కర్ర తీసి, విరిచి, చెరుకు ముక్కలాగ నమిలి, ఉమ్మేసి, "తీపుంది, పాలిస్తది" అనేవాడు. నేను నవ్వేవాణ్ని. ఇరవై ఏళ్ల కింద పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలోని పశు పరిశోధకులు హైదరాబాద్ చొప్ప అడ్డాల్లో తిరిగి ఒక విషయం బయటపెట్టారు. ఎక్కువగా అరిగే రకం చొప్పకు వ్యాపారులు ఎక్కువ ధర పెడుతున్నారట, గింజ ఒక్కటే చూసి రకాలు తయారుచేస్తే సరిపోదట. పేపర్లో చదివి నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా నాయిన అప్పటికి లేడు.

ఇక ఎద్దుల సంగతి. మాకు దేవనీ జత ఉండేది. బీదర్, లాతూరు దిక్కు పుట్టిన జాతి అది. తెల్లటి ఒళ్లు, నల్లటి మొహం ఉంటే వన్నెర అంటారు; ఒళ్లంతా తెలుపైతే బాలంక్య; నల్ల మచ్చలుంటే శెవెర. మావి వన్నెర. దుక్కుల కాలం వచ్చిందంటే పెద్ద కాగులో ఉలవలు ఉడికేవి. ఉలవల్లో మాంసకృత్తులు నూటికి ఇరవై పాళ్ల పైనే. ఇవాళ మనవడు బస్తా మీద చదివాడే, ఆ లెక్క కాగులోనే ఉండేది, కాకపోతే ఎవరూ చదవలేదు. ఉడికిన గుగ్గిళ్లు ఎద్దులకు, వార్చిన నీళ్లు చారుకు మాకు. అంటే ఉలవచారు ఎద్దుల దగ్గర మనం పంచుకున్న తిండి. మొన్న హైదరాబాద్‌లో ఒక పెళ్లికి పోతే ఉలవచారు బిర్యానీ అని వడ్డించారు, మీద మీగడ వేసి మరీ. గుగ్గిళ్లు ఎవరికి పెట్టారని వంటాయన్ని అడగబోతే నా భార్య మోచేత్తో పొడిచింది.

గానుగ కూడా ఉండేది ఊళ్లో. కుసుమలు, పల్లీలు, నువ్వులు ఆడించుకొస్తే నూనె వంటింటికి, పిండి కొట్టానికి. పల్లి పిండిలో సగానికి కొంచెం తక్కువ మాంసకృత్తులే. పాడి బర్రెకు దాన్ని నానబెట్టి కుడితి గోలెంలో కలిపేవాళ్లు. ఇప్పుడు నూనె ప్యాకెట్లో వస్తోంది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి దిగుమతే. మలేసియా నుంచి, ఇండోనేసియా నుంచి పామాయిలు, ఇంకెక్కడి నుంచో పొద్దుతిరుగుడు. నూనె గింజ ఎక్కడ ఆడితే పిండి అక్కడే ఆగిపోతుంది. ప్యాకెట్ వెంట పిండి రాదు కదా! ఈ సంగతి ఎవరూ గట్టిగా అనరు. ఊరు నూనెను పోగొట్టుకున్ననాడే దాణాను కూడా పోగొట్టుకుంది.

అట్లాగని ఆ రోజులు బంగారమని నేననను. 1972 కరువు నాకు బాగా గుర్తు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. జొన్న మోకాలెత్తు పెరిగి వాడిపోయింది. అట్లా వాడిన లేత జొన్నకు నాము చేరుతుంది, పచ్చి విషమది. మా జతలో ఒక ఎద్దు తాడు తెంచుకుని చేన్లో పడి నాలుగు గుక్కలు తిన్నది. ఎవరికైనా చెప్పేలోపలే కింద పడి కాళ్లు కొట్టుకుంది. మా నాయిన ఏడవడం చూసింది అదొక్కసారే. ఆ ఏడు మమ్మల్ని ఆదుకుంది ఎండలోనూ చావని కంది మోళ్లు, కిందటేటి ఉలవ పొట్టు.

తమాషా ఏమిటంటే ఆ 1972లోనే ఇక్కడ వాన పడలేదు, అక్కడ పెరూ సముద్రంలో చేప పడలేదు. రెండింటి వెనకా పసిఫిక్ మహాసముద్రం వేడెక్కడం ఉందట. ఆ చేపల పొడే అప్పట్లో అమెరికా, యూరప్ కోళ్లకు, పందులకు బలం. అది లేకపోయేసరికి అందరూ సోయా మీద పడ్డారు, ధర మండింది, 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతి ఆపేసింది. జపాన్‌వాళ్లు గుండెలు బాదుకుని బ్రెజిల్ పచ్చిక మైదానాల్లో సోయా పండించడానికి డబ్బు పోశారు. బ్రెజిల్ సోయా ఇవాళ ప్రపంచాన్ని మేపుతోంది. ఆ సోయా తినిపించి పాలు పితికే యూరప్‌వాళ్లు ఇప్పుడు తమ నేలలోనే బఠాణీ, లూపిన్ పండించుకోవాలని సభలు పెట్టుకుంటున్నారు. మా నాయిన కంది సాలు గురించి వాళ్లకెవరైనా చెప్తే బాగుండు.

మరి ఆ సాలు ఎట్లా పోయింది? దొంగ రాత్రి వచ్చి ఎత్తుకుపోలేదు. 1983లో రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. నేను తప్పు పట్టను, ఆకలి తెలిసినవాడెవడూ పట్టడు. కానీ గిన్నెలోకి అన్నం రాగానే జొన్నరొట్టె చిన్నతనమైంది. రొట్టె పోతే జొన్న పోయింది. జొన్న పోతే చొప్ప, దాని నడుమ కంది, అనుము, బొబ్బెర వరసగా పోయాయి. ఒక గింజ పోతే ఒక గింజే పోతుందనుకున్నాం. తర్వాత బోర్లు, బోర్ల వెంట చెరుకు. అల్లం, ఆలుగడ్డ, పత్తి, ఈమధ్య సోయా. చెరుకు ఆకు కడుపు నింపుతుంది, బలం తక్కువ. పత్తి కట్టె పొయ్యిలోకి. కలుపు మందు కొట్టిన చేన్లో గునుగు, తుత్తురబెండ కూడా మొలవవు, కలుపు తీసి గొడ్డుకు వేసే గంపెడు ఆకు కూడా లేదు. 2013లో మా జహీరాబాద్‌లోనే ట్రాక్టర్ల కార్ఖానా పెట్టారు. ఎద్దు లేని ఇంట్లో ఉలవలు ఎవరికి?

ఈ జాబితా చదువుతుంటే నేనేదో గట్టు మీద నిలబడి చూసినట్టుంది గానీ, మొదట చెరుకు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. సర్కారు జీతం వస్తోంది, పొద్దున్నే బడికి పోవాలి, సాళ్లు లెక్కబెట్టే తీరిక లేదు. నాలుగెకరాలు చెరుకు నాటి, వన్నెర జతను రాయికోడు దిక్కు బేరగాడికి అమ్మేశాను. మా నాయిన ఒక్క మాట అనలేదు. వారం రోజులు కొట్టంలోకి పోలేదు, అంతే.

సోయా సంగతి మరీ విచిత్రం. మా చుట్టుపక్కల చేలల్లో సోయా పండుతోంది. గింజ లాతూరు దిక్కు మిల్లులకు పోతుంది. అక్కడ నూనె తీసి, మిగిలిన పిండిని దాణా కంపెనీలు, కోళ్ల ఫారాలు కొంటాయి. ఆ పిండిలోదే చిటికెడు నా బస్తాలోకి వచ్చి ఉంటుంది. అంటే నా పక్క చేను గింజ రెండు రాష్ట్రాలు తిరిగి, లారీ కిరాయి, కమీషను, పన్ను కట్టుకుని నా కొట్టానికే వచ్చింది. 2021లో సోయా ధర క్వింటాలు పది వేలు దాటినప్పుడు కోళ్లవాళ్లు గగ్గోలు పెడితే, కేంద్రం ఆగస్టులో 12 లక్షల టన్నుల సోయా పిండి దిగుమతికి ఒప్పుకుంది, అదీ జన్యుమార్పిడి గింజలది. మన దగ్గర జన్యుమార్పిడి సోయా పండించడానికి అనుమతి లేదు, పిండి తెప్పించుకోవడానికి వచ్చింది. కోడి నోరు లేనిది కాబట్టి సరిపోయింది.

మనుషుల పప్పు కూడా అదే దారి పట్టింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. 2016లో కందిపప్పు కోసం మొజాంబిక్‌తో ఒప్పందం కూడా మనమే చేసుకున్నాం. మొన్న జహీరాబాద్‌లో పప్పు మిల్లు నుంచి కంది చునీ తెచ్చాను. పప్పు విరిస్తే రాలే నూక, పొట్టు అది, బర్రెకు మంచిది. ఇది తాండూరు కందిదా, ఆఫ్రికా కందిదా అని గుమాస్తాను అడిగాను. "తినేది బర్రె కదా సారూ, దానికేం ఎరుక" అన్నాడు. వాడికీ ఎరుక లేదని అర్థమైంది.

మా ఇంట్లో ప్రయత్నాలు జరగలేదని కాదు. కొడుకు ఫోన్లో చూసి అజొల్లా తొట్టి కట్టాడు. నీళ్ల మీద తేలే ఆకు, మాంసకృత్తులు దండిగా ఉంటాయి, అబద్ధం కాదు. రెండు నెలలు పచ్చగా తివాచీలాగ పరుచుకుంది. ఏప్రిల్ రాగానే ఎండకు ఎర్రబడి మాడిపోయింది. ఆ తొట్టిలో ఇప్పుడు కప్పలున్నాయి. వాటికి దాణా ఖర్చు లేదు, నాకు అదొక ఊరట. తర్వాత దశరథ గడ్డి వేశాడు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, పప్పు జాతిదే, కోసిన కొద్దీ వస్తుంది. కానీ నీళ్లు కావాలి. బోరు ఎండాకాలం దగ్గుతుంది.

మా చేలల్లో కంది సాళ్లు పోతున్న రోజుల్లోనే చుట్టుపక్కల ఊళ్లలో ఒక గుంపు మాత్రం సాలు వదల్లేదు. పస్తాపూర్‌లో 1983లోనే, రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడే, పి.వి. సతీశ్‌గారు, ఆయన స్నేహితులు కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు. ఎక్కువగా దళిత ఇళ్ల ఆడవాళ్లు, చేతిలో ఎకరమో రెండెకరాలో రాళ్ల చెల్క. వాళ్లు జొన్న, కొర్ర, కంది, ఉలవ, అనుము కలిపి వేస్తుంటే మేమంతా, అంటే బోర్లున్న మేమంతా, 'ముసలమ్మల సాగు' అని నవ్వాం. ఏటా సంక్రాంతి నుంచి నెల రోజులు పాత పంటల జాతర అని ఎడ్ల బండ్లకు విత్తనాల కుండలు కట్టి ఊళ్లు తిరుగుతారు. మాచనూర్‌లో వాళ్లకో రేడియో కూడా ఉంది, 2008 నుంచి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సతీశ్‌గారు 2023లో పోయారు. అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. హైదరాబాద్‌లో ప్రతి హోటలూ కొర్రల ఇడ్లీ వేసింది. అందరూ గింజ తింటామన్నారు. చొప్ప ఎవరికి, ఆ గొడ్డు ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు.

మా దిక్కు ఎల్లమాస అని మార్గశిర మాసపు అమావాస్యకు పండుగ చేస్తాం. అన్ని రకాల పచ్చి గింజలు, కూరాకులు కలిపి బజ్జి వండి, రొట్టెలతో చేన్లోకి పోయి భూమికి పెట్టి తింటాం. కిందటేడు ఎల్లమాసకు మా కోడలు బజ్జికి కావాల్సిన పచ్చి కంది కాయ, అనుప కాయ, శనగ మొలక అన్నీ జహీరాబాద్ మార్కెట్లో కొనుక్కొచ్చింది. వాటిని చెరుకు గట్టు మీద కూర్చుని తిన్నాం. ముద్ద దిగలేదు.

అప్పుడే, వచ్చే వానకాలంలో మా నాయిన సాగు చేసి చూడాలనుకున్నాను. చెరుకు మోళ్లు తీసేసిన అరెకరంలో జొన్న వేస్తాను, నడుమ సాళ్లు పెడతాను అన్నాను. కొడుకు, "నీ ఇష్టం నాయినా, అరెకరమే కదా" అన్నాడు. జొన్న, కంది విత్తనం దొరికింది. మా నాయిన వేసే నల్ల అనుము మాత్రం ఏ దుకాణంలోనూ లేదు. చివరికి పక్క ఊళ్లో సంఘం పెద్దామె దగ్గరికి పోయాను. ఆమెకు నా కంటే రెండు మూడేళ్లు ఎక్కువే ఉంటాయి. బూడిద, వేపాకు కలిపి మట్టి పూసిన గుమ్మిలోంచి సేరు అనుములు కొలిచింది.

"డబ్బులెంత, అక్కా?" అన్నాను.

"డబ్బులు తీస్కోం సారూ. సేరుకు రెండు సేర్లు తెచ్చియ్యాలె."

"పండకపోతే?"

"పండని గింజ ఇస్తనా నేను?" అంది. ఆ మాటలో కోపమే ఎక్కువ. ఒకప్పుడు నేను నవ్విన సంగతి ఆమెకు తెలుసో తెలియదో నేనడగలేదు.

పండింది. జొన్నను పిట్టలు సగం తిన్నాయి, కావలి కాసే ఓపిక నాకు లేదు. కందికి పురుగు కొంచెం పట్టింది. అనుము మాత్రం గట్టు దాకా పాకింది. ఆమెకు రెండు సేర్లు కొలిచి ఇచ్చి వచ్చాను. చొప్ప ముప్ఫై కట్టలు, పొట్టు నాలుగు గోనెలు. నలభై ఏళ్ల తర్వాత మా కొట్టంలో మా చేను పొట్టు. సాయంత్రం గంపలో చొప్ప పరిచి, మా నాయిన లెక్కనే రెండు దోసిళ్లు చల్లి బర్రె ముందు పెట్టి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

బర్రె వాసన చూసింది. తుమ్మింది. మూతి పక్కకు తిప్పుకుని బస్తాలున్న మూల వైపు చూస్తూ నిలబడింది.

"దానికి బెల్లం మడ్డి వాసన అలవాటైంది, మామయ్యా. బస్తా దాణాలో అదే కదా కలుపుతారు" అంది కోడలు. బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి పొట్టు మీద చల్లింది.

అప్పుడు తిన్నది.